కొంగ ఖరీదు

మేడ్చల్ దాటి కొంచెం లోపలికి వెళ్తే ఒక ఎక్స్‌పోర్టు బట్టల కంపెనీ ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడ మూడేళ్ళు పని చేశాను. కాలరు, మూడు గుండీలు ఉన్న టీషర్టులు కుట్టి విదేశాలకు పంపేవాళ్ళు. కంపెనీలో వాటిని పోలోలు అనేవాళ్ళం. ప్రతి పోలోకూ ఎడమ వైపు ఛాతీ మీద బొటనవేలంత కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉండేది. ఆ బ్రాండు అసలు పేరుకు మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందుకని కొంగ పోలో అనేవాళ్ళం, పని నడిచిపోయేది.

బయటి దేశాల్లో దాన్ని ఎంతకు అమ్ముతారో మాకు ప్యాకింగ్ టేబుల్ దగ్గర తెలిసింది. ధర చీటీలు అక్కడే తగిలించేవాళ్ళు. డాలర్లలో ఉన్న ఆ అంకెను పదో తరగతి దాకా చదివిన ఒక అక్క రూపాయల్లోకి మార్చి చెప్పింది. మా నెల జీతం కంటే ఎక్కువ. ఆ మాట విన్నాక మాకు ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. మధ్యాహ్నం అందరం కూర్చుని శుభ్రంగా తిన్నాం. అంత డబ్బు పోసి కొనేవాళ్ళను తలచుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం.

అదే గుడ్డ, అదే దారం, అవే గుండీలు కొంగ లేకుండా మా చేతికొస్తే ఎనభై రూపాయలు. ఏడాదికోసారి క్రిస్మస్‌కు ముందు కంపెనీ రిజెక్టు పీసులను మాకు ఆ ధరకు అమ్మేది. అంటే మిగిలిన ఖరీదంతా కొంగదే అన్నమాట. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఈ పిట్ట కూయకుండానే అంత సంపాదించేది.

ఒక పోగు జారినా, కాలరు ఓ పక్కకు వంగినా పీసు రిజెక్టు. రిజెక్టు పీసు కొంగతో పాటు గేటు దాటకూడదు. వంకర కాలరు పక్కన తమ కొంగ కనిపిస్తే బ్రాండు పరువు పోతుందని వాళ్ళ భయం. అందుకని కొంగను విప్పేసి, మెడ దగ్గరి లేబులు కత్తిరించి, ఉత్త అంగీని చేసి అమ్మేవాళ్ళు. ఆ విప్పే పని నాది. మూలన ఒక స్టూలు, ఒక ట్యూబులైటు, చేతిలో కుట్లు విప్పే రిప్పరు. అంగీని తిరగేసి, వెనక వైపు నుంచి అడుగు దారాలు ఒక్కొక్కటే తెంచాలి. తర్వాత ముందు వైపు దారం దానంతటదే ఊడి వస్తుంది. గుడ్డకు చిల్లు పడకూడదు. రోజుకు ఎన్ని కొంగల ప్రాణం తీసేదాన్నో నాకే లెక్క ఉండేది కాదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చేరిన మొదటి రోజు సాయంత్రం నాయిన "ఏం పని ఇచ్చిన్రు బిడ్డా?" అని అడిగితే, "కొంగలు కుడ్త" అన్నాను. కుట్టినవి పీకుతానని చెప్పడానికి నామోషీ. ఇవాళ కాకపోతే రేపు ఎంబ్రాయిడరీ మిషను మీద కూర్చోబెడతారు కదా, అప్పుడు నిజమైపోతుంది కదా అనుకున్నాను. మిషను మీదికి వేరేవాళ్ళు వెళ్ళారు. నేను స్టూలు మీదే ఉన్నాను.

నాయిన మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు షేర్ ఆటో నడిపేవాడు. ఆటోలో ఎక్కినవాళ్ళు దిగేలోపు నా గురించి వినక తప్పేది కాదు. ఒకసారి శామీర్‌పేట లా కాలేజీ వైపు వెళ్ళే ఒక సారు కొంగ పోలో వేసుకుని ఎక్కాడట. ఎంతకు కొన్నారని నాయిన మొహమాటం లేకుండా అడిగేశాడు. ఆయన చెప్పిన ధర విని బ్రేకు మీద కాలు వేశానని ఇంటికొచ్చి చెప్పాడు.

"గా కొంగకేనా గన్ని పైసలు? శామీర్‌పేట చెరువు కాడ పుక్కట్‌గ కనబడ్తయి కదనే" అని అమ్మతో అన్నాడు. మళ్ళీ తనే, "సారుకు చెప్పిన, గా కొంగను కుట్టింది నా బిడ్డనే అని" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. ఆమెకు అంతకు ముందే అనుమానం. నా ఓణీకి ఎప్పుడూ తెగిన దారం ముక్కలు అంటుకుని వచ్చేవి.

ఆటో స్టాండులో మిగతా డ్రైవర్లు ఊరుకోరు కదా. బిడ్డ అన్ని కొంగలు కుడుతుంటే నీ ఒంటి మీద ఒక్కటీ లేదేందని నాయినను ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఆ డిసెంబరులో నేను ఎనభై రూపాయలు కట్టి ఒక నీలం పోలో తెచ్చాను. నాయిన దాన్ని సంబరంగా వేసుకుని స్టాండుకు పోయాడు. సాయంత్రానికి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

"కొంగేదని అడిగిన్రు బిడ్డా. చెరువుల చేపలకు పోయిందా అని ఒక్కటే నవ్వుడు" అన్నాడు. అంగీ విప్పి, మడతపెట్టి, పెట్టెలో వేశాడు. మళ్ళీ దాని ఊసెత్తలేదు. అది నేను చూడలేకపోయాను. తప్పు నాదే అనిపించింది, నిజంగా నాదే కూడా.

మేడ్చల్ బజారులో తెల్ల దారం కొన్నాను. ఆదివారం చర్చి అయ్యాక నాయిన స్టాండుకు వెళ్ళగానే పెట్టెలోంచి అంగీ తీసేదాన్ని. పాత కొంగ తాలూకు సూది రంధ్రాలు ఉతుకులో పూడుకుపోయాయి. కాబట్టి పెన్సిలుతో గుర్తున్నట్టే గీసి, దాని మీద కుట్టాను. ముక్కు సరిగ్గా రాక రెండుసార్లు విప్పాను. విప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా.

"ఆదివారం పూట అబద్ధం కుడ్తున్నవా?" అంది అమ్మ. అని ఊరుకోలేదు, కాలు సన్నగా రావాలంటే దారం ఒక్క పోగే తీసుకోవాలని చూపించింది కూడా.

మూడు ఆదివారాల్లో కొంగ నిలబడింది. మంచిగా పని చేసినవాళ్ళకు కంపెనీ పాత అంగీ తీసుకుని కొంగ ఉన్నది బహుమతిగా ఇచ్చిందని నాయినకు చెప్పాను. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం, పైన దుప్పటి కప్పినట్టు. నాయిన ఆ అంగీని చేత్తో తడిమి, "గిప్పుడు జూడు" అన్నాడు. స్టాండులో ఎవరూ అసలు కొంగను దగ్గరగా చూసినవాళ్ళు కాదు. ఎవరి నోరూ లేవలేదు. నాయిన వారానికి రెండుసార్లు దాన్ని తనే ఉతుక్కునేవాడు. అమ్మ చేతికి కూడా ఇచ్చేవాడు కాదు.

ఒక తప్పు చేశాను. అంతకు ముందు నాయిన నన్ను మెయిన్ రోడ్డు మీద దించేవాడు. అక్కడి నుంచి నడిచేదాన్ని. కొంగ వచ్చాక కంపెనీ గేటు దాకా దించుతానని ఒకటే పట్టు. వద్దని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన సంతోషాన్ని చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజో నాలుగో రోజో గేటు దగ్గర వాచ్‌మన్ ఆటోకు అడ్డం వచ్చాడు.

"పెద్దాయనా, జర ఆగు. గీ కొంగ అంగి నీకెక్కడిది?"

కిందటేడు ఒకామె టిఫిను సంచిలో కొంగ పోలో పెట్టుకుని ఇదే గేటు దగ్గర దొరికిపోయింది. ఆ పూటే పనిలోంచి తీసేశారు. నా జీతం మా ఇంటికి అవసరం. అంతకంటే ఎక్కువగా, పొద్దున్నే టిఫిను కట్టుకుని నలుగురు ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి కూర్చునే ఆ పని నాకు ఇష్టం.

నాయినకు అవేమీ తెలియదు. ఛాతీ విరుచుకుని, "ఒరిజినల్! మీ కంపెనీదే. నా బిడ్డకు మీరే ఇచ్చిన్రు" అన్నాడు.

వాచ్‌మన్ లోపలికి కబురు పెట్టాడు. క్వాలిటీ చూసే మేడమ్ వచ్చింది. కళ్ళద్దాలు, చేతిలో టేపు, పీసులో వంకర వెతికినట్టే మనుషుల్లోనూ వెతికే రకం. డ్యూటీకి వచ్చిన ఆడవాళ్ళంతా చుట్టూ ఆగిపోయారు.

"ఇది మేమిచ్చామా?" అని నన్నే అడిగింది.

అవునంటే ఉద్యోగం పోతుంది. కాదంటే అంతమంది ముందు నాయిన తల దించుకోవాలి. ఆ కాసేపట్లో నేను గొప్పగా ఏమీ ఆలోచించలేదు. భయంతో నిజం బయటికొచ్చింది, అంతే.

"లేదు మేడమ్. ఒరిజినల్ గాదు. రిజెక్టు అంగి మీద నేనే కుట్టిన."

"గట్లెందుకంటవ్ బిడ్డా? భయపడకు" అన్నాడు నాయిన. మేడమ్ వైపు తిరిగి, "పరేషానై అట్లంటాంది గానీ అమ్మా, గిది పక్కా ఒరిజినలే. కావాలంటే చూసుకోండ్రి" అని ఆటో దిగి ఛాతీ ముందుకు పెట్టాడు.

మేడమ్ దగ్గరకొచ్చి చూసింది. గుండీల దగ్గర అంచు పట్టుకుని కొంచెం తిరగేసి, లోపలి దారాలు చూసింది. తర్వాత నవ్వింది. ఆమె నవ్వడం మేము అంతకు ముందు చూడలేదు.

"మన కొంగ గుండీల వైపు చూస్తుంది. ఇది చంక వైపు చూస్తోంది. ఇది మనది కాదు" అంది.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. నిజమే. నా కొంగ తిరగబడి ఉంది. ముందు వైపు కొంగను నేనెప్పుడూ చూడలేదని కాదు. కళ్ళు చూశాయి గానీ, నా చేతికి మాత్రం వెనక వైపు కొంగే తెలుసు. రోజంతా తిరగేసిన అంగీలే కదా నా ముందు.

"ఇలా ఎందుకు కుట్టావు?" అంది మేడమ్.

"నేను రోజు ఎనక నుంచే చూస్త మేడమ్. ఇప్పే పని కదా నాది" అన్నాను. అనేశాక నాయిన పక్కనే ఉన్నాడని గుర్తొచ్చింది.

మేడమ్ వాచ్‌మన్‌తో, "మనది కాని కొంగ మీద మనకేం పని? లోపలికి పంపు" అని వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నవ్వుతున్నారు. వెక్కిరింపు కాదు, నా ఉద్యోగం నిలబడ్డ సంతోషమే. నాయిన మాత్రం ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను రెండు అంగీలకు చిల్లు పెట్టాను. మూడేళ్ళలో అలా జరిగింది ఆ రోజే. ఆయనకు కష్టం కలిగింది అసలు కొంగ కానందుకు కాదు. నేను కొంగలు కుట్టనే కుట్టనని, ఇన్నాళ్ళూ ఆయన ప్రతి ప్రయాణికుడికీ చెప్పిందంతా ఒట్టిదని తెలిసింది. స్టాండులో ఏం ముఖం పెట్టుకుంటాడు? ఆ ముఖాన్ని తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది. ట్యూబులైటు కింద తల వంచుకుని కాసేపు ఏడ్చాను కూడా.

సాయంత్రం గేటు బయట ఆటో ఉంది. సాయంత్రాలు గిరాకీ వదులుకుని నాయిన ఎప్పుడూ వచ్చేవాడు కాదు. అదే అంగీ వేసుకుని ఉన్నాడు. నేను ఎక్కి వెనక కూర్చున్నాను. నాయిన ఆటో స్టార్టు చేయలేదు.

"నాయినా, తప్పయింది" అన్నాను.

"నేను అందరికి ఏం చెప్పిన?" అన్నాడు, అద్దంలోంచి నన్నే చూస్తూ. "నా బిడ్డ కొంగలు కుడ్తదని చెప్పిన. అవునా?"

"అవును."

"గిది కుట్టింది ఎవరు?"

"నేనే."

"మరి నేనేం అబద్ధం చెప్పలే కదా" అన్నాడు. "కాలు మస్తు సన్నగ కుట్టినవ్. జల్దీ జరిగి కూసో, అగో, ఎవరో చెయ్యెత్తుతున్రు."

ఎవరో పెద్దావిడ కూరగాయల సంచితో ఎక్కింది. ఆటో కదిలి రోడ్డెక్కకముందే నాయిన వెనక్కి తిరిగి, ఛాతీ మీద వేలు పెట్టి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు.