లేని పాసులు

వీధి వీధంతా తాతని మైకు తాత అంటుంది. ముప్పై ఏళ్లు రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచులు చెప్పాడు. ఆయన గొంతు మొదలైతే మంగలి కత్తి పక్కన పెట్టేసేవాడు. సగం గీసిన గడ్డాలతో జనం కుర్చీల్లోనే ఉండిపోయేవాళ్లు.

అంతటి మనిషి దగ్గర ఒక దొంగవిద్య ఉండేది. బురదలో నంబర్లు కనబడక ఒకరి బదులు ఇంకొకరిని చెప్పేస్తే, పొరపాటని ఒప్పుకునేవాడు కాదు. "ఏడో నంబరు పదకొండుకి అందించాడు" అంటూ గాల్లోంచి ఒక పాసు పుట్టించి సర్దేసేవాడు. రేడియోలో చూసేదెవరు? ఆ లేని పాసులకి మంగలి షాపులో చప్పట్లు కూడా పడేవి.

అరవై దాటాక టీవీవాళ్లు పిలిచారు. సెమీఫైనల్ బాగా చెబితే ఫైనల్ కూడా ఆయనకే ఇస్తామన్నారు. ఒక్క ఫైనలైనా టీవీలో చెప్పాలని తాతకి ఎన్నాళ్లనుంచో ఉబలాటం. నంబర్లన్నీ అట్టముక్క మీద రాసుకుని స్నానాల గదిలో కూడా వల్లెవేశాడు.

సెమీఫైనల్ రోజు వాన పడింది. ఎడమ వైపు నుంచి ఒకడు బంతితో దూసుకొచ్చాడు. "ఏడో నంబరు" అన్నాడు తాత. వాడు గిర్రున తిరిగితే వీపు మీద పదకొండు. నోరు ఊరుకుందా? "ఏడు నుంచి పదకొండుకి చక్కటి పాసు" అనేసింది. ఏడో వాడేమో మైదానం అవతలి అంచున తీరుబడిగా బూటు లేసు కట్టుకుంటున్నాడు. కెమెరా వాణ్ణి కూడా చూపించింది.

"సార్, ఆ పాసు మా కెమెరాలకి దొరకలేదు" అన్నాడు డైరెక్టరు, నవ్వాపుకుంటూ.

ఫైనల్ ఆయన శిష్యురాలికి వెళ్లిపోయింది.

ఫైనల్ రోజు పొద్దుటినుంచీ తాత చిటపటలాడుతూనే ఉన్నాడు. కళ్లద్దాలు పారేశావని నానమ్మ మీద ఎగిరాడు. తీరా అవి తన చొక్కా జేబులోనే దొరికాయి. "ఎవరో తెచ్చి ఇందులో పెట్టారు" అన్నాడు.

మ్యాచ్ మొదలయ్యాక టీవీకి పాఠాలు మొదలెట్టాడు. "కాస్త గొంతెత్తవే తల్లీ. ఆటా, సంతాప సభా?"

"ఆ పిల్లకి వినబడదండీ. నాకు వినబడుతోంది" అంది నానమ్మ.

అంతలో శిష్యురాలు తొమ్మిదో నంబరని చెప్పింది. బంతి నాలుగో వాడి దగ్గరుంది. తాత కుర్చీలోంచి లేచాడు. "పాసు చెప్పు, పాసు చెప్పేయ్."

"తప్పు చెప్పాను, అది నాలుగో నంబరు" అని శిష్యురాలు ముందుకి సాగిపోయింది. ఆకాశం విరిగి మీద పడలేదు. డైరెక్టరు ఆమెని దించెయ్యలేదు.

తాత కూలబడ్డాడు. "అంతేనా?"

"అంతే. ఇంట్లో ఒక్కసారైనా ఆ మాట అని ఉంటే మీకూ అలవాటయ్యేది" అంది నానమ్మ.

తాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు. మైకు ముందు మాత్రమే సవరించుకునే గొంతు అది.

"పొద్దున అద్దాల సంగతి..." అన్నాడు. నానమ్మ ఎదురుచూసింది.

"...అవే జారి జేబులో పడ్డట్టున్నాయి."

నానమ్మ టీవీ సౌండు పెంచింది.