వంగని మెడ

మా నాయన మెడ వంగదు. పక్కకు తిరగదు, పైకి లేవదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం కాళ్ల దగ్గర నుంచి తిరగాల్సిందే. ఇది పొగరు కాదు, ఫ్లోరైడ్. బెళుగుప్పకు అవతల మా పేటలో పుట్టినప్పటినుంచీ బోరు నీళ్లు తాగితే వచ్చిన జబ్బు. అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. మెడ పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే కట్టెలా ఉన్నాయి. దీనికి మందు లేదు, నీళ్లు మార్చుకోండి అన్నాడు. మార్చుకోవడానికి మాకు వేరే నీళ్లు ఎక్కడున్నాయి?

ఇదంతా ముందే చెప్పేస్తున్నాను. మందిరంలో జరిగింది చెప్పేటప్పుడు మధ్యలో ఆగి వివరించే ఓపిక నాకుండదు.

నాయనకు చదువు రాదు. బైబిలు వాక్యాన్ని ఒంటితో గుర్తుపెట్టుకున్నాడు. నా చిన్నప్పుడు శెనక్కాయ చేలో కలుపు తీస్తూ, "పాపా, ఒంటికి దీపం యాడుండాది?" అని అడిగేవాడు. నేను కన్ను మీద వేలు పెట్టాలి. నాలుక బయటపెట్టి చూపిస్తే "నిప్పు" అనాలి. ఛాతీ మీద తట్టుకుంటే "దేవుని ఆలయం" అనాలి. చెయ్యి గుండె మీద పెట్టుకుంటే, రాతిగుండె తీసేసి మాంసపు గుండె పెడతానని దేవుడన్న మాట నేను పూర్తి చెయ్యాలి. పాఠం అయ్యాక ఆ చేలో వంగి పనిచేసేవాళ్లందరి మీదుగా చెయ్యి తిప్పి, "ఈళ్లంతా ఒకే ఒళ్లు, తల క్రీస్తు" అనేవాడు. నేను పెద్దయ్యాక మందిరంలో ఆదివారం బడి పిల్లలకు చెప్పింది ఈ పాఠాలే. పుస్తకం కంటే ముందు మా నాయన ఒళ్లే నాకు తెలుసు.

రెండేళ్ల కిందట కోస్తా నుంచి మందిరానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చాడు. మంచి గొంతు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. వారానికి రెండుసార్లు ఆటోలో ఆయనకు నీళ్ల క్యాన్లు దిగేవి. అందులో నాకేమీ తప్పు కనిపించలేదు. తాగగలిగినవాడు మంచి నీళ్లు తాగాలి.

ప్రార్థనప్పుడు అందరం మోకాళ్ల మీద కూర్చుని తలలు వంచుతాం. నాయన మాత్రం వెనక గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో, కళ్లు మూసుకుని, తల నిటారుగా పెట్టుకుని ఉంటాడు. ఒక ఆదివారం అయ్యగారు మెడ గురించి ప్రసంగించాడు. ఇనుప నరం లాంటి మెడ, ఇత్తడి నుదురు ఉన్న జనాన్ని ప్రవక్త నోట దేవుడు ఎట్లా గద్దించాడో చెప్పి, "అలాంటివాళ్లు మన మధ్య కూడా ఉన్నారండీ. ఇన్ని తలలు వంగుతాయి, ఒక్క తల వంగదు" అన్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అందరికీ తెలుసు ఎవరి గురించో.

ఆయనకు తెలియదేమో అనుకున్నాను. ఆరాధన అయ్యాక పోయి, "అయ్యగారూ, మా నాయనది జబ్బు మెడ. వంచాలన్నా వంగదు" అని చెప్పాను.

"చెప్పారమ్మా, తెలుసు. జబ్బు ఒంట్లో మొదలవదు. ఆత్మలో మొదలవుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకురండి."

నేను తీసుకుపోలేదు. నాయనే పోయాడు. పిలిచినప్పుడు పోకపోతే బాగుండదన్నాడు. నేను వెనకే వెళ్లాను.

ఆ మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉడికిపోతున్నాం. అయ్యగారు నాయనను ముందుకు పిలిచి నుదుటికి నూనె రాశాడు. కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు, అందరూ అందుకున్నారు. తర్వాత చెయ్యి మెల్లగా తల వెనక్కి పోయింది. "దేవుని ముందు వంగు! ఇనుప మెడా, వంగు!" అని తోశాడు. మొదటిసారి నాయన నడుము దగ్గర వంగి సర్దుకున్నాడు. రెండోసారి అయ్యగారు రెండు చేతులతో తోశాడు. నాయన గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. నాయన అట్లా అరవడం నేను పుట్టాక వినలేదు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని సాతాను నుంచి విడుదల అనుకుని "హల్లెలూయా" అన్నారు.

నేను పిల్లల మీదుగా దాటుకుని పోయి అయ్యగారి మణికట్టు పట్టుకున్నాను.

"వదులు. మా నాయన్ని వదులు."

"అమ్మా, సాతాను నీ చేత..."

"సాతాను గీతాను కాదు. అది ఎముక. ఇంగోసారి తోస్తే ఇరిగిపోతాది. నీ చెయ్యి తియ్యి!"

ఆయన తీశాడు. పాట ఆగిపోయింది. నాయన నా భుజం మీద బరువంతా వేసి నడిచాడు. తలుపు దాకా ఒక్కరూ లేవలేదు.

సాయంత్రం చిన్నాయన వచ్చాడు. నాయన తమ్ముడు, సంఘపెద్ద. "దైవజనుని చెయ్యి పట్టుకుంటివి. తప్పు పాపా. రేపు పోయి మన్నించమని అడుగు" అన్నాడు. ఆ మాట అంటూనే తన మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. ఆయన పళ్లు కూడా మా అందరి పళ్లలాగే గోధుమరంగు.

"నీ మోకాళ్లు సగం పట్టేసినాయి చిన్నాయనా. రేపు నిన్ను గూడా నేల మీదికి తోస్తాడు. అప్పుడెవర్ని మన్నించమంటావు?"

"ఏం జేస్తాం? ఆయప్ప అలిగి పోతే పెండ్లిండ్లు, సావులు ఎవరు సేస్తారు సెప్పు?"

నాకు చిన్నాయన మీద వచ్చినంత కోపం అయ్యగారి మీద కూడా రాలేదు. ఆయన బయటివాడు. వీళ్లందరి ఎముకల్లోనూ అదే నీళ్లున్నాయి. నేను మన్నించమని అడగలేదు. మరుసటి ఆదివారానికి పిల్లల బడిని అయ్యగారి భార్యకు అప్పగించారు. నాకు చెప్పను కూడా చెప్పలేదు.

కొన్నాళ్లకు అయ్యగారు ఇంటికి వచ్చాడు. నాయన ఇంకా మంచం మీదే, మెడకు వేడి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"వద్దమ్మా, బండిలో సీసా ఉంది."

"తాగండి అయ్యగారూ, ఒక్క చెంబుకు మెడ పట్టుకోదులే" అన్నాను.

"పాపా, నోరు ముయ్యి" అన్నాడు నాయన. తర్వాత ఆయనతో, "పక్కన కూర్చుంటే నాకు కనపడవప్పా. ఎదురుగా రా" అన్నాడు. అయ్యగారు స్టూలు జరుపుకున్నాడు.

"నాకు నొప్పి పుట్టింది అయ్యగారూ. అది నీకు సెప్పల్ల. కాలికి ముల్లు గుచ్చుకుంటే కన్ను నీళ్లు పెట్టుకుంటాది, చెయ్యి పోయి ముల్లు తీస్తాది. అది ఒళ్లంటే. ఆ పొద్దు నేను అరిస్తే మీరంతా పాట పాడితిరి. మనది ఒళ్లేనా?"

అయ్యగారి మొహం ఎర్రబడింది. క్షమించమంటాడని నేను ఎదురుచూశాను. "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు చివరికి. చేసి వెళ్లిపోయాడు. చెంబు అట్లాగే ఉంది.

నొప్పి తగ్గాక నాయన మళ్లీ మందిరానికి పోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన తలను ఎవరూ ముట్టుకోరు. నేను బండి మీద దింపి, బయట అరుగు మీద కూర్చుంటాను. నేను నేర్పిన పిల్లలు లోపలికి పోతూ నా వైపు చూసి, పెద్దవాళ్లు లాగితే పోతారు.

పోయిన ఆదివారం నాయన బయటికి వచ్చి అడిగాడు, "ఎన్నాళ్లు ఈడ కూర్చుంటావు?"

"అందరి ముందర తప్పు ఒప్పుకునేదాకా."

"ఆయప్ప ఒప్పుకోడు. నేను ఇడిసిపెట్టినా గదా."

"మెడ నీది, నువ్వు ఇడిసిపెట్టు. ఆ అరుపు విన్నది నేను. నేను ఇడిసిపెట్టను."

నేను బండి తిప్పి దగ్గరగా పెట్టాను. నాయన నా భుజం పట్టుకుని, మెల్లగా, ఒక కాలు తర్వాత ఒక కాలు వేసి ఎక్కాడు.