మే నెలలో హీటర్

మంగళవారం పొద్దున పది నలభైకి మెట్‌పల్లి బస్టాండులో దిగాను. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. గాలి లేదు. భుజాన ఒక సంచి. అందులో రెండు చొక్కాలు, గుడ్డలో చుట్టిన పానాలు, జగిత్యాలలో బస్సు మారేటప్పుడు కొన్న థర్మోస్టాట్ హౌసింగ్. చేతిలో ఇంజన్ వేడెక్కకుండా పోసే కూలెంట్ డబ్బా. ఆర్డరు ముందురోజే బెల్లంపల్లిలో అందింది. ఇచ్చింది నా భార్య.

"మా అవ్వను సూడు. వాని మొకం సూడకు. కారు నడిచేటట్టు చేసి రా."

పదిహేడేళ్లు ఆర్మీలో వెహికల్ మెకానిక్‌గా చేసి హవల్దారుగా దిగిపోయాను. ఊళ్లో ఎవరు కలిసినా బార్డరు సంగతులు చెప్పమంటారు. మంచు, తుపాకులు, కాపలా. చెబుతాను, చాయ్ తాగిస్తారు. కానీ శత్రువును ఎదురుగా కూర్చోబెట్టుకొని చేసిన డ్యూటీ నా జన్మలో ఒక్కటే. అది మెట్‌పల్లిలో, మా అత్తగారి వాకిట్లో, వాళ్ల కారులో, ఒకటిన్నర రోజు.

శత్రువంటే నా బామ్మర్ది. పసుపు పండిస్తాడు, భూమి బాగానే ఉంది, నోరు అంతకన్నా ఎక్కువ ఉంది. ఆరేళ్ల కింద వాళ్ల కొత్త ఇంటి దావత్‌లో నలుగురూ తింటుండగా అన్నాడు: "మా బావ మిలిట్రీల తుపాకి పట్టలే, పానా పట్టిండు. బొగ్గుబాయి పనోని కొడుకు గంతకన్న ఏం పడ్తడు?" అందరూ నవ్వారు. మా బాపు ముప్పై ఏళ్లు బాయిలోకి దిగి నన్ను పెంచాడు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు, వాడితో మాట లేదు. మరచిపోవాలన్న కోరిక కూడా నాకు లేదు.

మళ్లీ తొక్కింది అత్తమ్మ కోసం. ఆమె కిడ్నీలు పనిచేయడం మానేసి ఏడాది. బుధవారం, శనివారం కరీంనగర్‌లో డయాలిసిస్. పొద్దున ఏడున్నరకు బెడ్. ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. పోయిన శనివారం కారు కోరుట్ల కూడా దాటలేదు, నీళ్లన్నీ కారిపోయి ఆగిపోయింది. ఒక డయాలిసిస్ తప్పింది. బుధవారం పెళ్లి ముహూర్తాలు, ఊళ్లో కిరాయి కారు ఒక్కటి ఖాళీ లేదు. బస్సులో ఆమె కూర్చోలేదు. ఇంకోసారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరతాయని డాక్టర్ చెప్పాడట.

అత్తమ్మ రేకుల షెడ్డు కింద మంచం మీద ఉంది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కన నీళ్ల సీసా, దాని మీద గోళ్ల రంగుతో గీతలు. ఏ పూటకు ఏ గీత దాకా తాగాలో అది లెక్క.

"వచ్చినవా అల్లుడా," అంది. "ఎండల పడి వచ్చినవ్."

బామ్మర్ది షెడ్డుకు ఆ చివర స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను చూడలేదు. తల్లిని చూసి అన్నాడు: "అవ్వా, గాయినకు చెప్పు. ఈడి మెకానిక్ థర్మోస్టాటే పీకి పారెయ్యుమన్నడు. గీ ఎండలల్ల దాంతోని పనేంది?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "థర్మోస్టాట్ తీసేద్దామా అంటుండు బిడ్డా."

వైర్‌లెస్ సెట్టు అలా మొదలైంది. మధ్యలో స్టేషన్ అత్తమ్మ. అటు నుంచి వచ్చిన మాటల్లో ముళ్లు తీసి ఇటు పంపేది, ఇటువి అటు పంపేది. మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకునేది. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

థర్మోస్టాట్ అంటే ఇంజన్‌లో నీళ్లకు కట్టిన చిన్న తలుపు. ఇంజన్ సరైన వేడికి వచ్చేదాకా మూసి ఉంటుంది, వచ్చాక తెరుచుకుంటుంది. అది కూర్చునే ప్లాస్టిక్ గూడే హౌసింగ్. ఈ కారుకు పగిలింది గూడని ఫోన్‌లోనే తెలిసింది. గూడు పగిలితే తలుపు పీకేయడమేమిటి? అదే అన్నాను.

"తలతిక్క పని చేయొద్దని చెప్పండి అత్తమ్మా."

"వద్దంటుండు కొడుకా."

పదకొండుంబావుకు పని మొదలు. కింద బేసిన్ పెట్టి నీళ్లు వదిలాను. ఎర్రటి బురద వచ్చింది.

"కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసిన తెలివిగలోడెవడో అడగండి."

"గాయిన రాకున్నా ఆరేండ్లు మంచిగనే నడిచిందని చెప్పు."

"బోరు నీళ్లేనట బిడ్డా."

పైపులు విప్పాను. హౌసింగ్‌కు మూడు బోల్టులు, పదో నంబరు పానా. రెండు వచ్చాయి. మూడోది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. విరిగితే ఇక బుధవారం సంగతి మరచిపోవాలి. డీజిల్ పోసి, చిన్న సుత్తితో తట్టి, కొంచెం బిగించి, కొంచెం వదిలి, యాభై నిమిషాలు దానితోనే ఉన్నాను. వచ్చింది. అతుకు మధ్య ఉండే పాత గాస్కెట్ ముక్కల్ని బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, కొత్త హౌసింగ్ కూర్చోబెట్టాను. మూడూ కొంచెం కొంచెం, వంతులవారీగా బిగించాను. మూడున్నర అయింది. బామ్మర్ది చాయ్ గ్లాసు తెచ్చి నా చేతికివ్వకుండా గోడ మీద పెట్టాడు. నేను తాగలేదు. ఈగలు తాగాయి.

అసలు పని ఆ తర్వాత. కూలెంట్ పోసినంత మాత్రాన కాదు, లోపల చిక్కుకున్న గాలిని బయటికి తీయాలి. ఇంజన్ నడుస్తుండాలి, హీటర్ ఫుల్ మీద ఉండాలి, ఒకరు లోపల కూర్చొని ఆక్సిలేటర్ పట్టుకోవాలి, ఒకరు హౌసింగ్ మీద గాలి స్క్రూ దగ్గర ఉండాలి.

"హీటర్ ఫుల్ పెట్టి కూర్చోమనండి."

"హీటర్ పెట్టుకొని కూసో కొడుకా."

వాడు కూర్చున్నాడు. స్క్రూ దగ్గర ముందు బుడగలు వచ్చాయి, తర్వాత సన్నటి ధార. బిగించాను. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగింది. ఒక్క పరీక్ష మిగిలింది. హీటర్ గాలి వేడిగా వస్తే నీళ్లు అన్ని మూలలకూ చేరినట్టు. చల్లగా వస్తే ఎక్కడో గాలి ఇరుక్కున్నట్టు. చెయ్యి పెట్టి చూస్తే క్షణం పని. కానీ సీట్లో వాడున్నాడు. వాడి ముందు నుంచి చెయ్యి చాపాలి, లేదంటే వాణ్ణి అడగాలి. అత్తమ్మ కళ్లు మూసుకొని పడుకుంది, స్టేషన్ బంద్. నేను చెయ్యి చాపలేదు. అడగలేదు. ఐదు పదికి బానెట్ మూసేశాను. ఆర్మీలో నా కింద జవాను ఎవడైనా అలా చేసి ఉంటే తోలు తీసేవాణ్ని.

బుధవారం పొద్దున ఐదింటికి బయలుదేరాం. వాడు డ్రైవింగ్. నేను పక్కన. అత్తమ్మ వెనుక సీట్లో, దిండుకు ఆనుకొని. అప్పటికే ఆమె ఊపిరి శబ్దం మాకు వినిపిస్తోంది. కోరుట్ల ఐదు ఇరవై. జగిత్యాల ఐదు యాభై. టెంపరేచర్ సూది మధ్యలో నిలకడగా ఉంది. ఆరు పది. సూది ఒక్కసారిగా కిందికి పడింది.

"సూసినవా అవ్వా," అన్నాడు సంబరంగా. "ఇంజన్ సల్లవడ్డది."

నడిచే ఇంజన్ ఉన్నట్టుండి చల్లబడదు. సూది నీళ్ల వేడిని చెబుతుంది, అక్కడ నీళ్లే లేకపోతే అబద్ధం చెబుతుంది.

"ఆపు! ఇంజన్ బంద్!"

ఆరేళ్లలో వాడితో నేరుగా అన్న మొదటి మాట అదే. రోడ్డు పక్కకు తీశాడు. బానెట్ లోపల తియ్యటి వాసన, కుతకుత. హీటర్ తిప్పి చెయ్యి పెట్టాను. చల్లటి గాలి.

వాడు చేల వైపు చూస్తూ అన్నాడు: "అవ్వా, నిన్న గుడ గిట్లనే సల్లటి గాలి వచ్చిందని చెప్పు. గంత ఎండల పానం హాయిగుండె. మంచిగైందనుకున్న."

"చెప్పడానికేం రోగమని అడగండి!"

"నన్నెవలడిగిన్రు?"

వెనుక నుంచి అత్తమ్మ. "నిన్ననే... సల్లగ ఉండెనట... బిడ్డా."

తప్పు నాది. మిగిలిన కోపం కూడా నామీదికే తిరిగింది, అయినా వాడి మొహం చూడబుద్ధి కాలేదు. ఇరవై ఐదు నిమిషాలు ఇంజన్ చల్లారనిచ్చాం. గాలి పైకి తేలేటట్టు కారు ముందు చక్రాలు గట్టు మీదికి ఎక్కించాను. తడి తువ్వాలు వేసి రేడియేటర్ మూత తీశాను. మిగిలిన కూలెంట్ పోసి, ఇంజన్ నడిపి, పై పైపును చేత్తో పిసికాను. గుడగుడమని పెద్ద బుడగ తేలింది. వెంటనే హీటర్ వేడి కక్కింది. ఆరు నలభై ఎనిమిది.

ఇప్పుడు నేను నడిపాను. సూదిని నమ్మేది లేదు. హీటర్ ఫుల్. గాలి వేడిగా ఉన్నంతసేపు నీళ్లు తిరుగుతున్నట్టే. వాడు ఆ గాలి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. అద్దాలు దించినా లోపల కొలిమిలా ఉంది. వాడు నాకు జానెడు దూరంలో ఉన్నాడు. అయినా అన్నాడు: "అవ్వా, వేడే ఉందని చెప్పు."

"వేడే... అంటుండు."

రెండు నిమిషాలకోసారి అదే. వాడు చెప్పడం, వెనుక నుంచి ఆమె చెప్పడం. నేను కూడా నాకు వినిపించిందని అనలేదు. గంగాధర ఊరు దాటాక వాడు "అవ్వా, వేడే" అన్నాడు. వెనుక నుంచి మాట రాలేదు. నేను అద్దంలో చూశాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"వేడే ఉంది బావా. జర జల్ది పో."

ఏడు నలభై రెండుకు చేరాం. బెడ్ ఇంకా ఖాళీగానే ఉంది. "ఇంకో ఐదు నిమిషాలైతే ఇచ్చేస్తుంటి," అని నర్సు మా ఇద్దర్నీ కడిగేసింది. వాడు తల్లిని ఎత్తుకొని లోపలికి తీసుకుపోయాడు. వాడి అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. నాలుగు గంటల తర్వాత అత్తమ్మకు మాట వచ్చింది. మొదటి మాట: "ఇద్దరు ఏమన్న తిన్నరా?"

మధ్యాహ్నం మంచిర్యాల బస్సెక్కి, అక్కణ్నుంచి బెల్లంపల్లికి, ఇంటికి వచ్చేశాను. బామ్మర్దితో నాకు ఇప్పటికీ పడదు. దావత్‌లో అన్న మాటకు వాడు తప్పయిందని అనలేదు. నేను వదల్లేదు. కానీ తిట్టుకున్నా ఫోన్ చేసి నేరుగా తిట్టుకుంటాం.

ఎందుకంటే గంగాధర దగ్గర అద్దంలో నేను చూసింది నన్ను వదలదు. అత్తమ్మ స్పృహ తప్పలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి అందక గొంతు రావడం లేదు, అంతే. వాడు "వేడే" అనగానే, నాకు చేరవేయడానికి, ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.