తొణక్కుండా

క్లాసులో ఆ అమ్మాయిని అందరూ నిండుకుండ అంటారు. పరీక్ష ఉన్న రోజున ఆమె నడక చూస్తే ఎందుకో తెలుస్తుంది. మెడ తిప్పదు, పిలిస్తే పలకదు, పెదవులు మాత్రం కదులుతుంటాయి. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో దారిపొడుగునా తీసి చూసుకుంటుంది. ఈ సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు, రెండు ల్యాబులు. నోరు తెరిస్తే బట్టీపట్టిన సూత్రాలన్నీ ఒలికిపోతాయని ఆమె భయం. ఇవాళ హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష. పొద్దున తింటుంటే వాళ్లమ్మ "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. చెయ్యెత్తి ఆపి, చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయింది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే కునుకు పడుతుంది, కునుకు పడితే హీట్ ట్రాన్స్‌ఫర్ అంతా గల్లంతు.

తీరా క్లాసుకొచ్చాక, పరీక్ష సోమవారానికి వాయిదా వేశానన్నారు మాస్టారు. గదంతా ఈలలు. ఆమె మొహం పాలిపోయింది. సోమవారం దాకా దీన్నే మోస్తుంటే, రేపటి మెషిన్ డిజైన్‌ని ఎక్కడ పెట్టుకోవాలి? వరండాలో ఆయన వెంటపడింది.

"ఇప్పుడే పెట్టెయ్యండి సార్, నా ఒక్కదానికే."

"ప్రశ్నపత్రమే తయారు చెయ్యలేదమ్మా!"

ఆమె వెనక్కొచ్చి, ఖాళీ అయిన గదిలో తెల్లకాగితాలు ముందేసుకుని, ప్రశ్నలు లేకుండానే జవాబులన్నీ రాసేసింది. వేళ్లు లాగితే విదిలించుకుని మళ్లీ రాసింది. ఆ కాగితాలు మాస్టారి బల్లమీద పెట్టి, బయటికొచ్చి, ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఉప్పు కాస్త ఎక్కువైంది."