భోజనానికి ముందు కట్ట

పదో తరగతి లెక్కల పరీక్షలో మామయ్య జవాబు సరిగ్గానే రాశాడు, కాకపోతే సొంత పద్ధతిలో చేశాడు. దిద్దినాయన సున్నా చుట్టాడు. మామయ్యకు ఏడాది పోయింది. ఆ కసితోనే లెక్కల మాస్టారై, తన కలం కింద అన్యాయం జరగదని ధర్మరాజుకి వేలు విడిచిన తమ్ముడిలా చెప్పుకు తిరిగాడు.

ఒకసారి పేపర్లు దిద్దే చోట, దిద్దేవాళ్ల మీద అజమాయిషీ చేసే మేడమ్ ఒకే జవాబు పత్రానికి చేత్తో నకలు రాయించి, ఒకటి పొద్దుటి కట్టలో, ఒకటి మధ్యాహ్నం కట్టలో కలిపింది. మామయ్య పోల్చుకోలేదు. భోజనానికి ముందు ఆ పిల్ల ఫెయిలు. భోజనం తర్వాత పాసు.

"మాస్టారూ, మీరు భోంచేసేలోపు ఈ అమ్మాయి బాగా చదువుకున్నట్టుందే," అందామె.

మామయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరూ కూర్చుని మెట్టు మెట్టుకీ మార్కు వేస్తే పిల్ల గట్టెక్కింది. అప్పట్నుంచి ఆయన కట్టంతటా మొదటి లెక్క దిద్దాకే రెండోది ముట్టేవాడు, వేసిన మార్కులు కనపడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని.

చివరిసారి కలిసినప్పుడు మేనల్లుడు ఆ పాత సున్నా సంగతి కదిపాడు.

"ఆయన్ని ఇన్నేళ్లూ తిట్టిపోశాన్రా," అన్నాడు మామయ్య. "పాపం, నాది భోజనానికి ముందు కట్టలో పడుంటుంది."