తిప్పి పేర్చిన వరుస

ఐరన్ ఆక్సైడ్ పొరలు స్ఫటికంలో ఎలా పేర్చి ఉంటాయో అప్పటికి రెండేళ్లుగా బొమ్మలు గీస్తున్నాను. ఒక్కటీ ఎక్స్‌రేలతో కొలిచిన లెక్కకు సరిపోలేదు. పటాన్‌చెరులో బస్సెక్కినప్పుడూ అదే కాగితం ఒళ్లో ఉంది. రంగుల ఫ్యాక్టరీలో బస్తాలు మోసే పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతుల నిండా ఎర్రపొడి.

"ఏంది బిడ్డా, బస్తాలు పేర్చినవా?" అంటూ బొమ్మ మీద వేలు పెట్టాడు.

కాగితం మాసిందని విసుక్కున్నాను. ఆయన పట్టించుకోలేదు.

"అన్ని వరుసలు గిట్ల ఒక్క తీరుగ పేరిస్తె కూలుతది. మీదికి వచ్చే వరుస తిప్పి వెయ్యాలె." ఒక అరచేతి మీద ఇంకో అరచేతిని తిప్పి పెట్టి చూపించాడు. బీరంగూడలో దిగిపోయాడు.

ఆ వారమే పొర విడిచి పొరను తిప్పి గీశాను. లెక్క కుదిరింది.

థీసిస్‌లో కృతజ్ఞతలు రాద్దామంటే ఆయన పేరు తెలియదు. ఆ కాగితం మాత్రం దాచుకున్నాను. వేలిముద్ర ఇంకా ఎర్రగానే ఉంది. అదీ ఐరన్ ఆక్సైడే.