అక్క చెలకకు వెళ్లిన ఆదివారం

మా బాటనీ అక్క ఇక లేదని పోయిన గురువారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ కోచింగ్ తీసుకున్న మీలో కొందరు ఆమె పాఠం వినే ఉంటారు. అదే సెంటర్లో నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. మాది కృష్ణా జిల్లా, ఆమెది నల్గొండ వైపు పల్లె.

ఉద్యమం ముదిరాక మా స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలు రెండు వైపులకు జరిగాయి. అక్క ఊరేగింపులకు వెళ్లేది, ఆ సంగతి దాచేది కాదు. తెలంగాణ వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అని ఒకసారి అడిగేశాను. "మా కొలువులు మాకు కావాలంటున్నం. నిన్ను పొమ్మంటే నేను ఊకుంటనా?" అంది. ఆ మాట నమ్మాలని ఉండేది. పూర్తిగా నమ్మలేకపోయేదాన్ని.

అయినా సెలవు దొరికితే ఇద్దరం విజయవాడ రోడ్డు పక్కనున్న ఆమె చెలకకు వెళ్లేవాళ్లం. వానలు పడ్డాక ఆ మెట్ట పొలం గట్ల మీద విష్ణుక్రాంత పూలు నీలంగా పరుచుకునేవి. తెంపనిచ్చేది కాదు. "వంగి చూడు, అదే వాటికి మర్యాద" అనేది. పిట్ట కనిపిస్తే వేలు చాపేది కాదు, గడ్డం ఎత్తి చూపించేది.

ఆ ఆదివారం ఒక తీతువు మా తలల మీదుగా అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది. "కాలు కదపకు, చెల్లె" అంది అక్క మెల్లగా. నా చెప్పు పక్కనే, నేల మీద, రాళ్లలో రాళ్లలా మచ్చల గుడ్లు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాం. తల్లి మళ్లీ గుడ్ల మీద కూర్చునేదాకా అక్క అక్కడి నుంచి కదలలేదు.

దాంతో బయల్దేరడం ఆలస్యమైంది. ఎల్‌బీ నగర్ దగ్గరికొచ్చేసరికి రాస్తారోకో. కారు నడుపుతున్నది నేను, నంబరు ప్లేటు కృష్ణా జిల్లాది. ఒకతను బానెట్ మీద గట్టిగా చరిచి, ఎక్కడివాళ్లమని అడిగాడు. నోరు తెరిస్తే నా యాస పట్టిస్తుంది. ఇంకొకతను కర్రతో అద్దం దగ్గరికి వచ్చాడు.

అక్క దిగింది. మమ్మల్ని పోనివ్వమని బతిమాలుతుందనుకున్నాను.

"బండిని పోనియ్యమంటలేను. నేను గూడ మీతోని కూసుంట. గీమె నా చెల్లె, నా పక్కన కూసుంటది. కారు మీద చెయ్యి పడొద్దు" అంది.

కర్ర ఉన్నతను ఆమె ముఖంలోకి చూసి, ఏ ఊరని అడిగాడు. చెప్పింది. అతను పక్కకు జరిగాడు.

తారు రోడ్డు మీద కూర్చున్నాం. అందరితో పాటు అక్క నినాదాలిచ్చింది. నన్ను ఇవ్వమనలేదు. కానీ నా మణికట్టు వదల్లేదు. పొద్దుగూకాక దారి తెరిచారు.

కారు కదిలాక, భయమేసిందా అని అడిగింది. వేసిందన్నాను.

"నాకు గూడ ఏసింది. గందుకే నీ చెయ్యి పట్టుకున్న" అంది. మళ్లీ తనే, "అయినా నినాదమిచ్చిన. అది గూడ నాదే" అంది.

నాకు ధైర్యం చెప్పడానికి పట్టుకుందనుకున్నాను అంతసేపూ.

రాష్ట్రం వచ్చింది. నేను ఇక్కడే ఉండిపోయాను. మా ఇద్దరి వాదన తెగనేలేదు, చెలకకు వెళ్లడమూ మానలేదు.

ఆమె దహనం అక్కడే జరిగింది. పొగకు గడ్డిలోని పురుగులు పైకి లేచాయి. తోక చీలిన నల్ల పిట్ట ఒకటి ఎక్కడి నుంచో వచ్చి, పొగలోకి దూకి, పురుగును కరుచుకుని లేచింది. కరెంటు తీగ మీద వాలి, తినేసి, రెక్కలు దులుపుకుని మళ్లీ పొగలోకి దూకింది.